ప్రొటెస్ట్ మాటలోని సాక్ష్యం

సంపాదకులకు నమస్కారం.

ఆంగ్లంలోని ప్రొటెస్ట్ అనే మాటకు మన పత్రికలు నిరసన అనే వాడుతున్నాయి. వీధిలో జరిగే ధర్నాలకు అది సరిపోతుంది గానీ, ఆ మాట పుట్టుక వేరు. లాటిన్‌లో ‘టెస్టిస్’ అంటే సాక్షి. దానికి సంబంధించిన క్రియకు ‘ప్రో’ చేరి, నలుగురి ఎదుట సాక్ష్యంగా చెప్పడం అనే అర్థం ఏర్పడింది. 1529 ఏప్రిల్‌లో జర్మనీలోని స్పైయర్ నగరంలో కూడిన సామ్రాజ్య సభ, మూడేళ్ల కిందట క్రైస్తవ మత సంస్కర్త లూథర్ అనుచరులకు ఇచ్చిన వెసులుబాటును రద్దు చేసినప్పుడు, ఆరుగురు ప్రభువులు, 14 నగరాలు దైవవాక్యానికీ అంతరాత్మకూ విరుద్ధమైనదానికి తాము సమ్మతించలేమని లిఖితపూర్వకంగా ప్రకటించారు. ప్రొటెస్టెంట్లన్న పేరు అలా వచ్చింది. ఆ పత్రంలో ఎదిరింపు ఎంత ఉందో, మా విశ్వాసం ఇదీ అన్న ప్రకటనా అంతే ఉంది.

నిరసనకు సంస్కృత మూలంలో విసిరివేయడం, తోసిపుచ్చడం అని అర్థం. అందులో సాక్ష్యపు ఛాయ లేదు. ఈ తేడా వ్యవహారంలోనూ చిక్కు తెస్తుంది. చెక్కులు, ప్రామిసరీ నోట్ల వంటి పత్రాలకు వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో, బిల్లు (హుండీ వంటి చెల్లింపు పత్రం) సొమ్ము చెల్లించనప్పుడు నోటరీ ఇచ్చే ధ్రువపత్రం పేరే ప్రొటెస్ట్. దాన్ని నిరసన అంటే అర్థమే చెడుతుంది. పన్నును ‘అండర్ ప్రొటెస్ట్’ కట్టిన వ్యాపారి కూడా, ఆ బాకీని తాను ఒప్పుకోలేదనీ, తిరిగి అడిగే హక్కు వదులుకోలేదనీ రాతలో పెడుతున్నాడు. ఇలాంటి వార్తల్లో ‘అభ్యంతరం నమోదు చేసి చెల్లించారు’ అని రాయవలసిందిగా మీ ఉపసంపాదకులను కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, రాజమహేంద్రవరం