చిన్న కంపెనీల బిల్లులు 45 రోజుల్లో చెల్లించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఐటీ ఉద్యోగం అనగానే అందరూ మాట్లాడేది పెద్ద కంపెనీల ప్యాకేజీలు, లేఆఫ్‌ల గురించే. హైదరాబాద్‌లో ఇరవై ముప్పై మందితో నడిచే సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. కూకట్‌పల్లిలో అలాంటి ఒక కంపెనీలో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మందుల ఫ్యాక్టరీలు, డిస్ట్రిబ్యూటర్లు వాడే స్టాక్, బిల్లింగ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ను వాళ్ల పద్ధతికి తగ్గట్టు మార్చి ఇవ్వడం మా పని. మా జీతాలు ఎందుకు ఆలస్యమవుతాయో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పనంటే నాకు ప్రాణం. పెద్ద కంపెనీలో ఒక్కో పనికి ఒక్కో టీమ్ ఉంటుంది. మా దగ్గర కస్టమర్ పక్కన కూర్చుని ఏం కావాలో రాసుకునేదీ, డెవలపర్‌కు వివరించేదీ, టెస్ట్ చేసేదీ నేనే. రాత్రి పదింటికి ‘మేడమ్, ఇన్వాయిస్ ప్రింట్ రావట్లేదు’ అని ఫోన్ వస్తే ఎత్తేదీ నేనే. ఒకసారి జీడిమెట్లలో ఒక ఫార్మా యూనిట్‌కు వెళ్లాం. అక్కడి స్టోర్స్ ఇన్‌చార్జి రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. స్క్రీన్ మీద స్టాక్ వచ్చిన తేదీ వరుసలో కనిపించేసరికి మౌస్ పక్కకు నెట్టేశారు. ‘అమ్మా, నాకు ముందు వచ్చిన సరుకు కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్ పైన కనిపించాలి. ఇందులో వెతుక్కుంటూ కూర్చుంటే లారీ వెళ్లిపోతుంది’ అన్నారు. మా డెవలపర్ ఆ గోడౌన్‌లోనే రెండు అట్టపెట్టెల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సాయంత్రానికల్లా మార్చి చూపించాడు. ఆ వారంలోనే ఆయన చేత్తో రాసే రిజిస్టర్ పక్కన పెట్టేశారు. 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారులకు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి అయినప్పుడు కూడా అంతే. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర బిల్లులు రాసే పిల్లల పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పింది మాలాంటి కంపెనీల వాళ్లే.

ఇక డబ్బు సంగతి. మా కస్టమర్లలో చిన్నవాళ్లు దాదాపు టైముకే ఇస్తారు. టెన్షన్ పెట్టేది పెద్దవాళ్లే. పర్చేజ్ ఆర్డర్‌లోనే చెల్లింపు గడువు ‘90 రోజులు’ అని రాస్తారు. ఆ 90 మొదలయ్యేది కూడా వాళ్లు యూఏటీ సైన్ ఆఫ్, అంటే వాడి చూశాం, సరిగా ఉందని సంతకం, ఇచ్చాకే. సాఫ్ట్‌వేర్ మూడు నెలలుగా వాడుతూనే ఉంటారు, సంతకం మాత్రం పెట్టరు. పెట్టాక పని అందిందని వాళ్ల సిస్టమ్‌లో నమోదు చేయాలి. అకౌంట్స్‌కు ఫోన్ చేస్తే, ‘సర్వీస్ ఎంట్రీ ఇంకా పడలేదు మేడమ్’ అంటారు. అది పడ్డాక ‘మీ బిల్లు పార్క్ చేశాం, పోస్ట్ చేయలేదు, అప్రూవర్ సార్ లీవ్‌లో ఉన్నారు’ అంటారు. అంటే బిల్లు ఎక్కించారు కానీ ఖరారు చేయలేదన్నమాట. ఆ సార్ వచ్చేసరికి ఆ నెల పేమెంట్ రన్, అంటే అందరి బిల్లులూ ఒకేసారి చెల్లించడం, అయిపోయి ఉంటుంది.

ఇటు మాకు ఏదీ ఆగదు. ఏడో తేదీకి టీడీఎస్ కట్టాలి, పదిహేనుకు పీఎఫ్ కట్టాలి. బిల్లు వేశామంటే మరుసటి నెల ఇరవయ్యో తేదీకి దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, కస్టమర్ పైసా ఇవ్వకపోయినా సరే. అంటే రాని డబ్బుకు పన్ను ముందు మా జేబులోంచే పోతుంది. బ్యాంకుకు వెళ్తే తాకట్టుకు ఏముందని అడుగుతారు. మా కంపెనీలో ఉన్నవి పాత ల్యాప్‌టాప్‌లు, మనుషులు. మా సార్ ఇంట్లో బంగారం పెట్టి జీతాలు ఇచ్చిన నెలలు ఉన్నాయి. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు, అకౌంటెంట్ ద్వారా తెలిసింది. అప్పటికీ కొన్ని నెలలు జీతం ఇరవయ్యో తేదీ దాటిపోయింది. కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు, గోడౌన్‌లో కూర్చుని స్క్రీన్ మార్చాడన్నానే, అతనే, బైక్ ఈఎంఐ బౌన్స్ అయి, రూమ్ అద్దెకు స్నేహితుల్ని అడగలేక పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను. కానీ ఆ ఫ్యాక్టరీ పని మొత్తం తెలిసిన మనిషి పోయాడు. ఆ నష్టం మాకెంతో, బిల్లు ఆపిన కస్టమర్‌కూ అంతే.

దీనికి చట్టం లేక కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం, అలాంటి సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపే. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, సైన్ ఆఫ్ అవసరమే లేదు. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. దానికి తోడు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన అమల్లోకి వచ్చింది. గడువులోపు ఇవ్వని బిల్లును అసలు డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి, ఆ ఏడాది ఇవ్వకపోతే కస్టమర్‌కు పన్ను పెరుగుతుంది. ఇది వచ్చాక ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో మాకు ఫోన్లు వస్తున్నాయి, ‘మీ ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి, పేమెంట్ వేసేస్తాం’ అని. మార్చిలో వేయగలిగిన వాళ్లు జూన్‌లో, అక్టోబర్‌లో ఎందుకు వేయలేరు?

చిన్న సంస్థల బాకీల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది, నిజమే. కానీ ఫిర్యాదు చేసిన రోజే ఆ కస్టమర్ మాకు పోయినట్టు. ఇరవై మంది ఉన్న కంపెనీకి ఒక పెద్ద కస్టమర్ పోతే ఆరేడు కుటుంబాల జీతం పోయినట్టే. అందుకే మా సార్ ఎన్నడూ అటు వెళ్లలేదు, వెళ్లమని మేమూ అనలేదు. చట్టం అమలు బాధ్యతంతా బాకీ రావాల్సిన వాడి మీదే పెడితే ఇలాగే ఉంటుంది. చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బాకీల వివరాలు కంపెనీలు ఆరు నెలలకోసారి కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలని ఇప్పటికే నిబంధన ఉంది. ఫిర్యాదు కోసం చూడకుండా ఆ వివరాల ఆధారంగానే ప్రభుత్వం నోటీసులు ఇవ్వాలని నా మనవి. మీ బిజినెస్ పేజీలో ఈ విషయం మీద ఒక కథనం కూడా వేయండి.

ఈ ఉత్తరం ఏ కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉన్నవాళ్లైనా చదివితే ఒక్క మాట. మీ సిస్టమ్‌లో ఏదైనా చిన్న కంపెనీ బిల్లు పార్క్ అయి ఉంటే, దయచేసి ఈ నెల పేమెంట్ రన్‌కు ముందే పోస్ట్ చేయించండి.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కూకట్‌పల్లి, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)