విరిగిన చెయ్యి పట్టుకున్నవాళ్ళకి

నిన్న కట్టు విప్పారు. కుడిచెయ్యి ఇంకా కర్రలాగే ఉంది, వేళ్ళు మడవమంటే ప్రాణం పోతోంది, అందుకని ఎడమ చేత్తో నొక్కుతూ, అది విసుగొస్తే ఫోన్‌కి చెప్పి టైప్ చేయిస్తూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుపోండి. ఈ థాంక్స్ చెప్పాల్సినవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు, ఇది చదవరు, కొందరి పేర్లు కూడా నాకు తెలీవు. అయినా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

కిందటేడు రిటైరయ్యాను, ఉప్పల్లో సర్కారు బడి టీచర్ని. రిటైరయ్యాక అందరూ కాశీ వెళ్ళొస్తారు, నేను కాశీ ఎప్పుడో అయిపోగొట్టా. చాలా ఏళ్ళ కింద హిమాచల్‌లో నేలలోంచి మంట వచ్చే కాంగ్రా జ్వాలాముఖి గుడికి వెళ్ళినప్పుడు, కాస్పియన్ సముద్రం ఒడ్డున అజర్‌బైజాన్‌లో బాకూ దగ్గర ఇంకో జ్వాలాజీ ఉందని, మన వ్యాపారులు అక్కడిదాకా వెళ్ళి మొక్కేవాళ్ళని విన్నా, అది మనసులో పడిపోయింది. మా ఆయనకి గుడి అంటే మా సందు చివర ఆంజనేయస్వామి గుడే, దానికి మించి కదలడు. సరే నేనొక్కదాన్నే పోతా అన్నా. బాకూ, అక్కడ్నుంచి విమానంలో జార్జియా, అక్కడ్నుంచి రోడ్డు మీద ఆర్మేనియా, మొత్తం 19 రోజులు. అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య బోర్డర్ మూసేశారు కాబట్టి ఇలా చుట్టు తిరగాల్సిందే.

బాకూ పక్కన సురఖానీ అనే ఊళ్ళో ఉంది ఆ గుడి, ఆతెష్‌గాహ్ అంటారు. అయిదు మూలల ప్రహరీ, లోపలి వైపు చుట్టూ సాధువులుండే చిన్న చిన్న గదులు, మధ్యలో మండపం, అందులో మంట. గది గుమ్మాల మీద రాళ్ళలో నాగరి లిపి, కొన్ని చోట్ల గురుముఖి. ఒకదాని మీద ఓం శ్రీ గణేశాయ నమః అని మొదలవుతుంది, అంత దూరంలో ఆ అక్షరాలు కనపడేసరికి నాకు తెలీకుండానే పైకి చదివేశా. టికెట్ కౌంటర్లో ఉండే ఆవిడ పరిగెత్తుకొచ్చి మళ్ళీ చదవమని సైగ చేసి ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది, తర్వాత నడుం సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో టీ తెచ్చిచ్చింది. అమ్మా, మొదటి థాంక్స్ నీకు. చుట్టుపక్కల గ్యాస్ అంతా తోడేయడంతో అసలు మంట 1969లోనే ఆరిపోయిందట, ఇప్పుడు వెలిగేది పైపు గ్యాస్. రాత్రి ఫోన్లో మా ఆయనకి ఈ మాట చెప్తే, మనింట్లో పొయ్యి కూడా పైపు గ్యాసే కదే, దానికి దణ్ణం పెట్టుకుంటే సరిపోయేదిగా అన్నాడు. ఆయనతో ఇదే.

జార్జియాలో ముందు మ్‌త్స్ఖేతా వెళ్ళా. ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. కొండ మీద జ్వారీ అని 6వ శతాబ్దపు చర్చి, కింద అరాగ్వి, మ్‌త్క్వారి నదులు కలుస్తాయి, రెండు నీళ్ళూ రెండు రంగులు, అచ్చం మన సంగమాల్లాగే. 4వ శతాబ్దంలో నీనో అని ఒకావిడ ఎక్కడో కప్పడోకియా నుంచి ఈ కొండల్లోకి వచ్చి వాళ్ళ రాజుని క్రైస్తవంలోకి మార్చిందట. ద్రాక్షతీగ కొమ్మలు రెండు తీసుకుని, తన జుట్టుతోనే ముడేసి శిలువ చేసుకుందని చెప్తారు. అందుకే అక్కడి శిలువకి అడ్డచేతులు కిందికి వాలి ఉంటాయి. నేను క్రిస్టియన్‌ని కాదు, కానీ ఒంటరిగా దేశం కాని దేశం వచ్చిన ఆడమనిషి అనేసరికి ఆవిడంటే నాకు ఏదో దగ్గరితనం వచ్చేసింది. శత్రువులొచ్చినప్పుడు ఆ శిలువని కజ్బేగి కొండమీద గెర్గెతి చర్చిలో దాచేవాళ్ళని చదివా. ఇక అక్కడికి వెళ్ళకుండా ఎలా ఉంటా.

ఊరి పేరు స్తెపాంత్స్మిందా, అందరూ కజ్బేగి అనే అంటారు. ఊరు 1740 మీటర్ల ఎత్తు, చర్చి 2170. ఇప్పుడు పైదాకా రోడ్డుంది, వ్యాన్లు వెళ్తాయి, ఎక్కేటప్పుడు వ్యాన్‌లోనే వెళ్ళా. చర్చిలోకి వెళ్ళాలంటే ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, ప్యాంటేసుకున్నా పైన గుడ్డ చుట్టుకోవాలి, దానికోసం గుమ్మం దగ్గర స్కార్ఫులు పెడతారు. నా చున్నీ గెస్ట్‌హౌస్‌లో మర్చిపోయా, ఒక నల్ల స్కార్ఫ్ తీసుకుని కప్పుకున్నా, చిన్న చిన్న తెల్ల పూలు, ఒక మూల ఎవరో నీలం దారంతో రఫ్పు చేసినట్టుంది. లోపల చీకటి, మైనం వాసన, ఒక ముసలాయన గొణుగుతున్న ప్రార్థన. గంటసేపు కూర్చున్నా. ఏదో దర్శనమైందని గొప్పలు చెప్పను, కానీ ఆ గంట బుర్రలో ఒక్క మాట కూడా తిరగలేదు, నాకది చాలా పెద్ద విషయం.

బయటికొచ్చాక దిగేటప్పుడు నడుద్దాం అనిపించింది చూడండి, అదీ నా తెలివి. అప్పుడే చినుకులు పడ్డాయి, నా కాళ్ళకి పాత వాకింగ్ షూస్, అడుగు అరిగిపోయినవి. చర్చి ఇంకా కనిపిస్తూనే ఉంది, వంద అడుగులు వేసుంటానేమో, గులకరాళ్ళ మీద కాలు జారి కుడి అరచెయ్యి నేలకి ఆనించి పడ్డా. చిటుక్కుమన్న శబ్దం నాకే వినపడింది. లేచి చూసుకుంటే మణికట్టు ఒక వంపు తిరిగి ఉంది.

చర్చిలో కొవ్వొత్తులమ్మే ఆవిడ చూసి దిగొచ్చింది. ఆవిడకి జార్జియన్, రష్యన్ తప్ప రావు, నాకు గమర్జోబా, మద్లోబా తప్ప రావు. నమస్తే, థాంక్స్ అన్నమాట, ఇంకేం మాట్లాడతాం. నా తలమీదున్న స్కార్ఫే విప్పి, మూలకి మడిచి, మెడ వెనక ముడేసి చెయ్యి అందులో పెట్టింది, ఆ ముడి వేసేటప్పుడు ఎక్కడా లాగలేదు. తర్వాత నడుం చుట్టూ చెయ్యేసి నెలా, నెలా అంటూ మెల్లిగా ఎక్కించింది. అంత నొప్పిలోనూ నేనేమనుకున్నానంటే, నెలకి తగ్గుతుందని చెప్తోందేమో అని. నెలా అంటే వాళ్ళ భాషలో మెల్లిగా అనట. పైన ఒక గడ్డం ఫాదర్ గారు వ్యాన్ డ్రైవర్ని కేకేసి పిలిచాడు, ఆ అబ్బాయి దింపి పైసా తీసుకోలేదు, ఇవ్వబోతే కొండవైపు చూపించి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి రాజధాని తిబ్లీసీ వెళ్ళే బండ్లు లేవు, ఊళ్ళో చిన్న ఆస్పత్రిలో నొప్పికి సూదేసి, చెక్క కట్టి, పొద్దున్నే సిటీకి వెళ్ళమన్నారు. గెస్ట్‌హౌస్ ముసలమ్మని బెబియా అనేదాన్ని, అంటే నాయనమ్మ, నాకంటే పదేళ్ళు పెద్దదేమో అంతే. నేను మాంసం తిననని వచ్చిన రోజే చెప్పా, సమార్ఖ్వో అనే ఒక్క మాట నేర్చుకుని వెళ్ళా. వాళ్ళ ఉపవాసం వంట అన్నమాట, గుడ్డు పాలు కూడా ఉండవు. మనలాంటివాళ్ళు ఎవరైనా వెళ్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి, ప్రాణం నిలబెడుతుంది. ఆ రాత్రి మట్టికుండలో లోబియో, అంటే ఎర్ర చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. నేను ఎడమ చేత్తో తినడానికి తటపటాయిస్తుంటే ఆవిడకేం అర్థమైందో, పక్కన కూర్చుని రొట్టె తుంపి, కూరలో ముంచి, ఊదుకుని నోట్లో పెట్టింది. మా అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టినవాళ్ళు లేరు. ఏడుపొచ్చేసింది, ఆవిడ చెయ్యి నొప్పి అనుకుని ఇంకో దిండు తెచ్చింది.

ఇప్పుడు పిల్లల సంగతి. తిబ్లీసీలో ఎంబీబీఎస్ చదివే మనవాళ్ళు బోలెడుమంది. మా తోటి టీచర్ చుట్టాలబ్బాయి నెంబర్ ఒకటుంది, మిర్యాలగూడ. రాత్రి 10కి ఫోన్ చేసి విషయం చెప్తే ఫోటో పెట్టమన్నాడు, పెట్టా, రెండు నిమిషాలకి అయిదుగురు స్పీకర్లో. డిన్నర్ ఫోర్క్ డిఫార్మిటీ ఆంటీ, కోలీస్ ఫ్రాక్చర్, మా బుక్కులో బొమ్మ ఇలాగే ఉంటది అని ఒకడు సంబరపడిపోతున్నాడు, వెనకాల ఒకమ్మాయి వాడ్ని తిట్టడం వినిపిస్తోంది. పొద్దున మర్ష్రుత్కా ఎక్కా, అంటే వాళ్ళ షేర్ వ్యాన్, డ్రైవర్ ముందు సీటిచ్చాడు, రష్యా బోర్డర్‌కి వెళ్ళే లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగున్నాయి, ప్రతి గుంత దగ్గరా స్లో చేసి నా మొహం చూసేవాడు. దిదూబే స్టాండ్‌లో దిగేసరికి ముగ్గురు పిల్లలు నిలబడున్నారు, మిర్యాలగూడ, ఒంగోలు, కరీంనగర్.

వీళ్ళు ఒకర్నొకరు మామా అనుకుంటారుగా. జార్జియన్‌లో మామా అంటే నాన్న, దేదా అంటే అమ్మ. చర్చి ఫాదర్ని మామావో అని పిలుస్తారు. ఆస్పత్రిలో వీడు మామా ఫారం తే, వాడు మామా సంతకం పెట్టు అంటుంటే నర్సమ్మ వీళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది, ఎవరికెవరు తండ్రో తేలక.

ఎక్స్‌రే, మత్తిచ్చి ఎముక సర్దడం, పిండికట్టు. డబ్బు ముందే కట్టాలి, నా బ్యాంక్ కార్డు సరిగ్గా అప్పుడే మొరాయించింది, ఇన్సూరెన్స్ వాళ్ళ హెల్ప్‌లైన్ 40 నిమిషాలు పాటలు వినిపించింది (పేర్లెందుకులెండి). ఈ పిల్లలే తలా కొంత వేసి కట్టేశారు, నెల మధ్యలో, హాస్టల్ ఫీజు డబ్బులట. ఇంటికొచ్చాక వాళ్ళ నాన్నలకి ఫోన్‌పే చేశా. మిర్యాలగూడ ఆయన తిరిగి నాకే పంపించాడు, నేను మళ్ళీ పంపించా, ఇలా మూడుసార్లయింది, చివరికి మా ఆయన మాట్లాడి ఒప్పించాల్సొచ్చింది.

నాలుగు రోజులు కరీంనగర్ అమ్మాయి రూమ్‌లో ఉన్నా. తనకి పరీక్షలు. పొద్దున్నే నా వెనక కూర్చుని నాకు జడేస్తూ ఫార్మకాలజీ పైకి చదువుకునేది, దువ్వెన ఆగిందంటే మందు పేరు గుర్తు రాలేదని లెక్క. తర్వాత సియోనీ చర్చికి తీసుకెళ్ళింది, నీనో శిలువ ఇప్పుడక్కడే ఉంది. ఆ జుట్టు ముడి గురించి చెప్తే, ఆంటీ మీ జడకి ఆ పని చెప్పకండి, నాలుగు వెంట్రుకలున్నాయి అంది.

సమేబా అని పెద్ద కేథడ్రల్‌లో జరిగింది మాత్రం మర్చిపోలేను. దేశం ఏదని ఒక పెద్దావిడ అడిగింది, పిల్ల ఇందోయేతి అని చెప్పింది, అంటే ఇండియా. ఆవిడ వెంటనే కేతెవాన్, కేతెవాన్ అంటూ నా పిండికట్టు ముద్దు పెట్టుకుంది. నాకేం అర్థం కాలేదు, రూమ్‌కొచ్చి చదివా. కేతెవాన్ వాళ్ళ కఖేతీ రాణి, మతం మారనందుకు 1624లో షిరాజ్‌లో పర్షియా రాజు షా అబ్బాస్ చంపించాడు, పోర్చుగీసు సన్యాసులు అస్థికల్లో కొంత 1627లో గోవాకి తెచ్చారు. వందల ఏళ్ళ తర్వాత పాత గోవాలో సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాల్లో మన పురావస్తు శాఖ వాళ్ళకి ఎముక దొరికితే, అది ఆవిడదేనా అని డీఎన్ఏ చూసింది ఎవరు? మా హబ్సిగూడ సీసీఎంబీ, అదే జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ! మనవాళ్ళ శాంపిల్స్‌లో కనపడని రకం, జార్జియా వాళ్ళలో కనపడింది. 2021లో అందులో ఒక భాగం మన విదేశాంగ మంత్రి తీసుకెళ్ళి వాళ్ళకిచ్చారు. 20 ఏళ్ళు ఆ గేటు ముందు నుంచే బస్సులో బడికి వెళ్ళానండీ, లోపల ఏం చేస్తారో ఒక్కరోజు ఆలోచించలేదు. వాళ్ళు చేసిన పనికి ముద్దు నేను పుచ్చుకున్నా. సీసీఎంబీలో ఎవరైనా ఇది చూస్తే, ఆ ముద్దు మీదే.

ఆర్మేనియా మానేయమని అందరూ అన్నారు, వినలేదు. బోర్డర్‌లో ఒకావిడ అడక్కుండానే నా సంచి భుజానేసుకుంది. ఖోర్ విరాప్‌కి వెళ్ళా, గ్రిగోర్ అనే సాధువుని 13 ఏళ్ళు గోతిలో పడేసిన చోటు, ఆయన్ని బయటికి తీశాకే 301లో రాజు క్రైస్తవంలోకి మారాడని వాళ్ళ లెక్క. గోతిలోకి నిటారు ఇనప నిచ్చెన, ఒంటిచేత్తో దిగలేక పైనుంచే చూశా. ఒక ఆడమనిషి రోజూ గోతిలోకి రొట్టె పడేసి ఆయన్ని బతికించిందట. బయట అరారత్ కొండ మబ్బుల్లో ఉంది, సగమే కనిపించింది. అక్కడ థాంక్స్‌కి చాంతాడంత మాటుంది, మామూలుగా మెర్సీ అనేస్తారు. సంచి మోసినావిడకి అదే చెప్పొచ్చా.

బెబియాకి గోంగూర పచ్చడి పంపాలనుకున్నా, ఆ కారానికి ఏమైపోతుందోనని ఆగి పిల్లలకే పంపిస్తున్నా. ఫోటోలు కడిగించి కవర్లో పెట్టా, కరీంనగర్ పిల్ల పరీక్షలయ్యాక వెళ్ళి ఇచ్చొస్తానంది.

ఇంకొక్కటి మిగిలింది. ఆ నల్ల స్కార్ఫ్ నా మెడలోనే ఉండిపోయి హైదరాబాద్ దాకా వచ్చేసింది. అది చర్చి సొమ్ము, నా దగ్గరుండకూడదు. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టా, నీలం దారం పక్కన ఇంకో చిరుగుంటే మా ఆయన చేత కుట్టించా, కుట్లు వంకరగానే వచ్చాయి. ఎవరైనా కజ్బేగి వెళ్తుంటే మెసేజ్ చేయండి, ఎయిర్‌పోర్ట్‌కైనా తెచ్చిస్తా. గెర్గెతి చర్చిలో కొవ్వొత్తులమ్మే ఆవిడకి ఇవ్వాలి. దిగేటప్పుడు మాత్రం వ్యాన్‌లోనే దిగండి.