వైసెన్‌సే శ్మశానంలో మా నాన్న తల కప్పిన ఆవిడకు

అందరికీ నమస్కారం. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. నాన్న నిన్న సాయంత్రం హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చారు. తలకు ఐదు కుట్లు పడ్డాయి, షుగర్ కుదుటపడింది. ఇప్పుడే కాస్త పెరుగన్నం తిని పడుకున్నారు. ఫోన్ చేసిన వాళ్లందరికీ పేరుపేరునా చెప్పలేకపోయాను, ఏమీ అనుకోకండి. అయితే ఈ పోస్టు రాస్తున్నది ఒకావిడ కోసం. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికే మా ఊరి నుంచి 90 మంది వెళ్లారు, మా ముత్తాత వాళ్లలో ఒకరు. నాన్న కూడా హవల్దారుగా చేసి రిటైరయ్యారు. బెర్లిన్ వచ్చినప్పటి నుంచి ఆయనది ఒకటే మాట, "ఆ యుద్ధంలో అవతలి పక్కన పోయినవాళ్లు ఎక్కడున్నారో చూపించమ్మా" అని. అందుకే మంగళవారం వైసెన్‌సేలోని యూదుల శ్మశానానికి తీసుకెళ్లాను.

1880లో తెరిచిన చోటు అది. మన లెక్కలో నూరెకరాల పైనే. 1,15,000కు పైగా సమాధులు, పెద్ద పెద్ద చెట్లు, రాళ్ల మీదికి పాకిన తీగలు. మగవాళ్లు తల కప్పుకునే లోపలికి వెళ్లాలంటే నాన్న భుజం మీది కండువా తీసి తలపాగా చుట్టుకున్నారు. యుద్ధంలో చనిపోయిన యూదు సైనికులకు లోపల విడిగా ఒక స్థలం, స్మారకం ఉన్నాయి. 1927లో ప్రారంభించారు. జర్మనీ తరఫున దాదాపు లక్షమంది యూదులు ఆ యుద్ధానికి వెళితే 12,000 మంది తిరిగి రాలేదు. ఆ స్మారకాన్ని రూపొందించిన ఆర్కిటెక్ట్ అలెగ్జాండర్ బేర్ కూడా యూదుడే. 1944లో ఆయన నాజీల తెరేజియన్‌స్టాట్ క్యాంపులో చనిపోయారు. అది చెప్పగానే నాన్న ముఖం మారిపోయింది. "దేశం కోసం ప్రాణమిచ్చిన వాళ్ల మనుషుల్నే చంపేశారా?" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. స్మారకం ముందు సావధాన్‌లో నిలబడి సెల్యూట్ చేశారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. అక్కడ గట్టిగా మాట్లాడటం బాగుండదని గేటు వైపు నడిచాను. నాన్న పొద్దున ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ మానేశారని నాకు తెలియదు. అడగకపోవడం నా తప్పే.

ఇరవై నిమిషాలకు తిరిగొచ్చేసరికి నాన్న నేల మీద ఉన్నారు. డెబ్బై దాటిన ఒకావిడ తడి ఆకుల్లోనే కూర్చుని ఆయన తలను ఒళ్లో పెట్టుకుంది. కండువా మడిచి దెబ్బ మీద అదిమి పట్టుకుంది. రెండో చేత్తో పంచదార బిళ్ల అందిస్తోంది. ఒకటి కరిగాక ఇంకొకటి. నాన్న జేబులోని షుగర్ కార్డు చూసిందట. ఆవిడ మాట్లాడేది రష్యన్, జర్మన్ అంతంతమాత్రం. నాన్నకు ఆ రెండూ రావు. అయినా ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, ఆయన తలూపుతూనే ఉన్నారు.

నన్ను కదిలించేసింది ఇది కాదు. కండువా దెబ్బకు కట్టేశాక నాన్న తల మీద ఏమీ లేకుండా పోయింది. ఆవిడ అది గమనించింది. తన మెడలోని స్కార్ఫ్ విప్పి ఆయన తల మీద కప్పి, గాలికి జారకుండా గడ్డం కింద మెల్లగా ముడి వేసింది. మా నాన్న ఆ చోటికి ఇచ్చిన మర్యాద పోకూడదనుకుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. నా తల కూడా నిమిరింది.

అంబులెన్సు వచ్చాక ఆ హడావిడిలో ఆవిడ ఎటు వెళ్లిందో చూడలేదు. హాస్పిటల్లో నాన్న అడిగిన మొదటి మాట "రాయి పెట్టానా?" అని. అక్కడ పూలు కాదు, సమాధి మీద చిన్న రాయి పెడతారని చెప్పాను. అది పెట్టడానికి వంగినప్పుడే పడిపోయారు. పెట్టారు నాన్నా. మీ గుప్పిట్లోంచి తీసి ఆవిడే పెట్టింది, నేను చూశాను.

మా ఆయన, తమ్ముడు, అమ్మ ఎంత చేశారో చెప్పక్కర్లేదు.

కానీ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఊళ్లో బయలుదేరే ముందు డబ్బు కట్టించుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు యాభై నిమిషాలు లైన్లో ఉంచి, షుగర్ ముందే ఉన్న జబ్బు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. డెబ్బై ఏళ్ల మనిషికి షుగర్ ఉందని ఫారంలో మేమే రాశాం కదా! ప్రీమియం తీసుకునేటప్పుడు కనపడలేదా? అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు పాలసీలో ఆ పేజీ మొత్తం చదవండి, దయచేసి.

అయ్యో, తోటమాలిని మర్చిపోయాను. 112కి ఫోన్ చేసింది ఆయనే, గేటు దాకా పరుగెత్తి ఆ నూరెకరాల్లో అంబులెన్సుకు దారి చూపించిందీ ఆయనే. రాత్రి రెండింటికి మందుల చీటీ జర్మన్‌లోకి మార్చి పంపిన నెల్లూరు అమ్మాయికీ, చారన్నం తెచ్చిన పక్కింటి వాళ్లకీ కూడా చాలా థ్యాంక్స్.

ఊదారంగు స్కార్ఫ్, అంచున చిన్న తెల్ల పువ్వులు. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాను. శనివారం అక్కడ సెలవు కాబట్టి ఆదివారం వెళ్లి గేటు దగ్గర ఆఫీసులో అడుగుతాను. నాన్న కూడా వస్తానంటున్నారు.