మంత్రిగారూ, రికార్డు రూములో మూలుగుతున్న ఫైళ్ల సంగతి కాస్త చూడండి

ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

మా తమ్ముడికి డెంగీ వచ్చింది. డెంగీ జ్వరం మామూలుగా వారంలో దిగిపోవాలి కదా, వీడికి పదకొండో రోజుకీ 103 తగ్గలేదు. ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల లెక్కే చూస్తూ కూర్చున్నాం, డాక్టర్లూ అదే చూశారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి ఫోన్ చూస్తుంటే, ఇక్కడ మనిషి పోయేలా ఉంటే ఈ ఫోనేంటని నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆవిడ చదువుతున్నది ఒక కేస్ రిపోర్టు, ఒక పేషెంటుకు ఏం జరిగిందో డాక్టర్లు రాసిపెట్టింది. డెంగీ తర్వాత అరుదుగా హెచ్‌ఎల్‌హెచ్ వస్తుందట, అంటే మన రక్షణ కణాలే అదుపు తప్పి మన రక్తకణాలను మింగేయడం. వెంటనే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుమును నిల్వచేసే ప్రొటీన్) రక్తంలో ఎంతుందో టెస్టు చేయించారు. వందల్లో ఉండాల్సింది ఇరవై వేలు దాటింది. ఎముక మజ్జ పరీక్షలోనూ అదే తేలింది. స్టెరాయిడ్లు మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది.

అంటే ఎక్కడో ఎవరో తమ పేషెంటు గురించి ఓపిగ్గా రాసి పెట్టబట్టి మావాడు బతికాడు. మరి మావాడి గురించి ఎవరు రాస్తారు? అదే అడిగితే ఆవిడ నవ్వేసి, "టైమ్ ఎక్కడిదండీ, నిద్రే లేదు" అంది. డిశ్చార్జ్ రోజు ఆ లావుపాటి ఫైలుకు తాడు కట్టి రికార్డు రూముకు పంపేశారు.

ఒక్క కేసుతో ఏమొస్తుందని మీ ఆఫీసర్లు అనొచ్చు. 1981లో లాస్ ఏంజిలిస్‌లో అయిదుగురికి వచ్చిన వింత న్యుమోనియా గురించి రాసిన చిన్న రిపోర్టుతోనే ఎయిడ్స్ సంగతి బయటపడింది. పసిపిల్లల చర్మం మీద ఎర్రగా ఉబ్బే రక్తనాళాల గడ్డలకు ఇప్పుడు వాడే ప్రొప్రనొలాల్ అసలు గుండె మందు. ఫ్రాన్స్‌లో గుండె జబ్బు కోసం అది ఇచ్చిన పిల్లల్లో గడ్డలు మెత్తబడటం డాక్టర్లు గమనించి 2008లో రాశారు, అంతే.

ఒక్క కేసు రుజువు కాదని నాకూ తెలుసు. రుజువుకు పెద్ద ట్రయల్ కావాల్సిందే. కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయని, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల లాభం లేదని 2020లో తేలింది అలా వేలమందిని లెక్కపెట్టబట్టే. కానీ ఏ సంగతి మీద ట్రయల్ చేయాలో తెలియాలన్నా ముందు ఎవరో ఒకరు గమనించి రాయాలి కదా.

నేనడిగేది కొత్త బిల్డింగు కాదు. ప్రతి పెద్దాసుపత్రిలో ఇలాంటి కేసుల కోసం ఒక మనిషి, ఒక ఫారం, డిశ్చార్జ్ అప్పుడే పేషెంటు అనుమతి, రాసే డాక్టరుకు ఆ గంటలు డ్యూటీలో లెక్క. పనిచేయని వైద్యం గురించీ రాయించండి, అది అసలెవరూ రాయరు.

మా తమ్ముడి ఫైలు జిరాక్స్ నా దగ్గరుంది. వాడూ సరేనన్నాడు. పేరు తీసేసి వాడుకోండి, ఎవరికివ్వాలో చెబితే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక పేషెంటు అక్క