డబ్బు కట్టించుకుని ఇవ్వని తక్కువ ఎత్తు సీటు గురించి, నిరాకరించిన వారంటీ గురించి ఫిర్యాదు

తిరుపతి,
18 ఆగస్టు 2025.

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: బుకింగ్ రోజునే డబ్బు తీసుకున్న తక్కువ ఎత్తు సీటును ఆరు నెలలైనా ఇవ్వకపోవడం, దాని బదులు మీ షోరూమ్ వారు బిగించిన వెనుక సస్పెన్షన్ లింకు (వెనుక చక్రాన్ని షాక్ అబ్జార్బరుతో కలిపే భాగం) కారణంగా బండి పడిపోవడం, ఆ లింకునే సాకుగా చూపి మీ సంస్థ వారంటీని నిరాకరించడం.

ఆర్యా,

నేను తిరుపతి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధిస్తున్నాను. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో తిరుపతిలోని మీ అధీకృత షోరూమ్‌లో మీ అడ్వెంచర్ టూరింగ్ మోటార్‌సైకిల్‌ను కొన్నాను. ఈ విషయమై షోరూమ్‌కు నాలుగుసార్లు స్వయంగా వెళ్లాను, మీ సేవా విభాగానికి రెండుసార్లు ఈమెయిల్ రాశాను. మొదటిదానికి నా అభిప్రాయం మీకు ఎంతో విలువైనదని జవాబు వచ్చింది. రెండోదానికి వారంటీ వర్తించదని వచ్చింది. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివిన తరువాతే, సంతకం చేసిన ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపడం మేలని నిర్ణయించుకున్నాను.

నా ఎత్తు 154 సెంటీమీటర్లు, కాలి లోపలి కొలత 71 సెంటీమీటర్లు, బరువు 53 కిలోలు. ఇవి మీకు అరుదైన కొలతలుగా తోచవచ్చు కానీ, మన దేశంలో వయోజన స్త్రీల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లని, పురుషులది దాదాపు 165 అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంటే నేను సగటు కన్నా కాస్త పొడుగే. నేను ఇరవై రెండేళ్లుగా గేర్ల బండి నడుపుతున్నాను, మా వారు వెనుక కూర్చుంటారు. ఈ సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది: షోరూమ్‌లో మొదటి పావుగంట సేపు బండి వివరాలన్నీ ఆయనకే చెప్పారు.

బండి ఎంచుకోవడానికి నేను దాదాపు ఏడాది తీసుకున్నాను. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే అయిన పాత హిమాలయన్ 411ను ఒక మిత్రుడి వద్ద నడిపి చూశాను. నేల అందింది కానీ, 199 కిలోల బండిని మా వీధి వాలులో వెనక్కి నెట్టుకోవడం నా వల్ల కాలేదు. 825 ఉన్న ఎక్స్‌పల్స్ 200 4వీ మీద, సీటు సన్నగా ఉండడం వల్ల, కాలి వేళ్లు ఆనాయి. కాగితం మీద అంతకన్నా తక్కువ ఎత్తు చూపించే ఇంకో బండి మీద, సీటు వెడల్పుగా ఉండడం వల్ల, అవే వేళ్లు గాలిలో ఉండిపోయాయి. వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 835 అయినా 167 కిలోలే కాబట్టి దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఇవన్నీ చూసి చూసి నాకు అర్థమైందేమిటంటే, సీటు ఎత్తు అని మీరంతా ముద్రించే ఆ ఒక్క అంకె పొట్టివారికి చెప్పేది చాలా తక్కువ. కాలు సీటు మధ్య నుంచి తిన్నగా నేలకు దిగదు. సీటు అంచు దాటి, పక్కకు వెళ్లి, అప్పుడు దిగుతుంది. పైగా మనిషి కూర్చుంటే స్ప్రింగు కొంత కుంగుతుంది. బరువైన మనిషికి సరిపోయేలా బిగించిన స్ప్రింగు నా 53 కిలోలకు కుంగేది నామమాత్రమే. బీఎండబ్ల్యూ సంస్థ తన బండ్ల వివరాల్లో సీటు ఎత్తుతో పాటు ఒక పాదం దగ్గరి నేల నుంచి సీటు మీదుగా రెండో పాదం దగ్గరి నేల వరకు ఉండే వంపు కొలతను కూడా ఇస్తుంది, అవి ఖాళీ బండి మీద తీసిన కొలతలని కూడా రాస్తుంది. మీ కరపత్రంలో ఆ రెండు ముక్కలూ లేవు. టైలరు టేపు పెట్టి మీ బండికి ఆ కొలత నేనే తీశాను: 186 సెంటీమీటర్లు. నా రెండు కాళ్లూ, బూట్ల మందమూ కలిపితే 148.

ఇది తెలిసీ మీ బండినే ఎందుకు కొన్నానని మీరు అడగవచ్చు. మీ కరపత్రం మూడో పేజీలో ‘సీటు ఎత్తు 838 మి.మీ., తక్కువ సీటుతో 813 మి.మీ.’ అని ఉంది. ఆ మాట నమ్మి, తక్కువ సీటు వేసిన బండి ఉన్న చెన్నై షోరూమ్ దాకా వెళ్లి, దాని మీద కూర్చొని చూశాను. ఆ సీటు 25 మిల్లీమీటర్లు తగ్గడమే కాక ముందువైపు బాగా సన్నగా చెక్కి ఉంది. బూట్లతో రెండు పక్కలా వేళ్లు ఆనాయి. నాకు అంతకన్నా అక్కరలేదు. మడమలు ఆనాలన్న పట్టుదల నాకు లేదు, చాలామంది పొట్టివారికి ఉండదు. వేళ్లు గట్టిగా ఆనితే బండిని ఆపుకోవడం అభ్యాసంతో వస్తుంది. తిరుపతి వచ్చిన మర్నాడే, తక్కువ సీటుతో సహా బండిని బుక్ చేసి, సీటుకు రూ. 4,800 విడిగా కట్టాను. రసీదు ప్రతి జతచేశాను. అందులో ‘లో సీట్ - 1’ అని మీ వాళ్లే రాశారు.

బండి మాత్రం మామూలు సీటుతో వచ్చింది. తక్కువ సీటు వచ్చే వారం వస్తుందన్నారు. ఏప్రిల్‌లో అడిగితే స్టాకు లేదన్నారు, మే నెలలో అడిగితే ఆ వస్తువు ఇంకా మన ప్రాంతానికి కేటాయించలేదన్నారు. చివరికి సేల్స్ విభాగంలోని ఒక యువకుడు, ఊరడించాలనే కాబోలు, ‘రెండు నెలలు తోలితే కాళ్లు అవే అందుతాయి మేడమ్’ అన్నాడు. నలభై ఏడేళ్ల వయసులో నా కాళ్లు ఇక పెరగవని తేల్చడానికి భౌతిక శాస్త్రం అవసరం లేదు.

ఆ మామూలు సీటుతో నేను బండి నడపలేకపోయానని చెప్పడం లేదు. సమతలంలో ఆగేటప్పుడు ఒక పక్కకు జరిగి ఎడమ కాలు దించితే సరిపోతుంది. చిక్కు వచ్చేది ఎక్కుడు దారిలో. తిరుమల కొండెక్కే ఘాట్ రోడ్డులో ముందున్న బస్సు మలుపులో ఆగిందనుకోండి: కుడి చేయి యాక్సిలరేటర్‌కు కావాలి కాబట్టి బండి వెనక్కి జారకుండా కుడి కాలితో వెనుక బ్రేకు తొక్కి పట్టాలి, అంటే నేల మీద ఉండవలసింది ఎడమ కాలు ఒక్కటే. నీళ్లు పారడానికి రోడ్డు అంచును ఎడమకు వాలుగా వేస్తారు. మైదానంలో బొటనవేలికి అందిన నేల అక్కడ మరో మూడు సెంటీమీటర్లు కిందికి పోతుంది. ఆ దారి ఎక్కడానికే గనుక మధ్యలో తిరిగి దిగిపోయే వీలు కూడా లేదు. మీరు 25 మిల్లీమీటర్లని అలవోకగా రాసే కొలత విలువ ఏమిటో ఏప్రిల్ రెండో శనివారం ఆ మలుపులో, వెనుక మా వారు, ఆ వెనుక జీపు హారనూ ఉండగా, నాకు బాగా తెలిసింది.

జూన్ మొదటి వారంలో మీ షోరూమ్ సర్వీసు మేనేజరు ఒక ప్రత్యామ్నాయం సూచించారు. వెనుక సస్పెన్షన్‌లోని లింకును తీసి, కాస్త పొడవైన మరో లింకు బిగిస్తే బండి వెనుక భాగం 30 మిల్లీమీటర్లు కిందికి దిగుతుందని, సీటు వచ్చాక పాతదే తిరిగి వేస్తామని చెప్పారు. ఇది వారంటీకి అడ్డు కాదా అని నేను అడిగాను. మా వర్క్‌షాపులో మేమే వేస్తున్నాం కదా అన్నారు. జాబ్ కార్డులో ఆ పని రాసి ఉంది, దాని ప్రతి కూడా జతచేశాను. తిరుచానూరు రోడ్డులో సీట్లు కుట్టే పెద్దాయన ఉన్న సీటులోని ఫోమే కోసి అయిదు వందలకు తగ్గిస్తానన్నారు. బయట ఎక్కడా చెయ్యి పెట్టించకూడదని, బండిలో మార్పులను నియంత్రించే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతీ బీమా సంగతీ ఆలోచించి, ఆయనకు వద్దని చెప్పి వచ్చినదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పెద్దాయన మాట వినివుంటే బాగుండేదనిపిస్తోంది.

ఎందుకంటే లింకు మార్చినవారు మరో రెండు పనులు చేసి ఉండాలి, రెండూ చేయలేదు. వెనుక దించినప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలను కూడా క్లాంపుల్లో పైకి జరిపి ముందు భాగాన్ని తగినంత దించాలి. లేకపోతే ఫోర్కుల వాలు పెరిగి హ్యాండిల్ మలుపుల్లో మొరాయిస్తుంది, హెడ్‌లైటు రోడ్డును వదిలి చెట్ల కొమ్మలను చూపిస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైనది సైడ్ స్టాండు. బండి కిందికి దిగినా స్టాండు పొడవు అంతే ఉంటే, బండి ఎడమకు వాలవలసినంత వాలకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది. అలా నిలబడిన బండి గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు ఉండే బిందువు) నుంచి గీసిన నిట్టనిలువు గీత చక్రాల గీతకు మరీ దగ్గరగా పడుతుంది. నేల కుడివైపుకు ఏమాత్రం పల్లంగా ఉన్నా, గాలి వీచినా, ఆ గీత అవతలికి దాటుతుంది, బండి కుడివైపుకు ఒరుగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు నేను అగ్గిపెట్టెతో చూపించే పాఠమే ఇది. లింకుతో పాటు స్టాండును కత్తిరించి తిరిగి అతకాలని, లేదా పొట్టి స్టాండు వేయాలని, ఈ పని చేసే ఏ మెకానిక్‌కైనా తెలిసి ఉండాలి. నాకు పాఠం తెలిసీ బండి విషయంలో తట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ పని చేసి డబ్బు తీసుకున్నది మీ వర్క్‌షాపు.

జూలై 13న హార్సిలీ హిల్స్ నుంచి తిరిగి వస్తూ, భాకరాపేట ఘాట్ మొదలయ్యే ముందు టీ కోసం రోడ్డు పక్కన ఆపాము. నేను హెల్మెట్ తీసి పది అడుగులు నడిచానో లేదో బండి దానంతటదే కుడివైపుకు పడిపోయింది. అక్కడ ఎవరూ దాన్ని తాకలేదు. ముందు బ్రేకు లివర్ మొదలంటా విరిగింది, వెనుక బ్రేకు పెడల్ లోపలికి వంగింది, కుడి అద్దం, సైలెన్సర్ కవచం చితికాయి. ముందు బ్రేకు లేదు, వెనుక బ్రేకు సరిగా పట్టదు, ఎదురుగా దిగవలసినది భాకరాపేట ఘాట్. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు లోయలో పడినది ఆ ఘాట్‌లోనే. మేము బండిని నడపలేదు. రెండు గంటలు నిరీక్షించి, ఒక ట్రాలీ ఆటోలో ఎక్కించి రూ. 3,500 ఇచ్చి ఇంటికి తెచ్చాము. బండి ఆ టీ కొట్టు దగ్గర పడకుండా మరుసటి మలుపులో పడి ఉంటే, దాని కింద నా కాలో, పక్కన ఆడుకుంటున్న పిల్లవాడో ఉండి ఉంటే, ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

మీ షోరూమ్ మరమ్మతుకు రూ. 14,600 అంచనా ఇచ్చింది. ఆ అంచనాతో పాటు వచ్చిన ఈమెయిల్‌లో, మీ సంస్థ తయారు చేయని లింకు బిగించినందున సస్పెన్షన్‌కూ ఛాసిస్‌కూ వారంటీ రద్దయిందని రాశారు. ఈ వాక్యం నాకు ఎంత చదివినా కొరుకుడుపడలేదు. మీరు అమ్మిన సీటు మీరు ఇవ్వలేదు. ఇవ్వని దానికి బదులుగా మీ బోర్డు కింద, మీ యూనిఫాం వేసుకున్నవారు, మీ జాబ్ కార్డు మీద రాసి బిగించిన వస్తువు ఇప్పుడు నా తప్పు అయింది.

కాబట్టి నేను కోరేది ఇది. రసీదులో ఉన్న తక్కువ సీటును ఇవ్వండి. అది మీ వద్ద లేనే లేకపోతే ఆ మాట రాతపూర్వకంగా చెప్పి, బండిని పూర్తి ధరకు వెనక్కి తీసుకోండి, ఎందుకంటే ఆ సీటు లేకపోతే నేను ఈ బండి కొనేదాన్నే కాదు. పాత లింకును తిరిగి బిగించి, పడినందువల్ల పాడైనవన్నీ నా ఖర్చు లేకుండా బాగుచేసి, ఫోర్కుల అమరికను, హెడ్‌లైటును సరిచూసి, వారంటీని మొదటి తేదీ నుంచే అమలులో ఉన్నట్టు ధ్రువీకరించండి. ట్రాలీ ఆటోకు ఇచ్చిన డబ్బు కూడా ఇవ్వాలి. తిరుపతి షోరూమ్‌లో తక్కువ సీటు వేసిన బండి ఒకటి చూపించడానికి ఉంచితే, నాలాంటివారు చెన్నై దాకా వెళ్లనవసరం ఉండదు. ఇది డిమాండు కాదు, సలహా. అయితే, సీటు ఇవ్వలేనంత కాలం మీ కరపత్రం మూడో పేజీలోని 813 అనే అంకెను తీసివేయడం మాత్రం సలహా కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో తప్పుదారి పట్టించే ప్రకటనకు నిర్వచనం ఉంది. మీ న్యాయ విభాగం ఒకసారి సెక్షన్ 2(28) చదివితే చాలు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు రాకపోతే, ఆ చట్టం నివాసముండే చోటే ఫిర్యాదు చేసుకునే వీలు ఇచ్చింది కనుక, జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదును ఇప్పటికే నమోదు చేశాను.

బండి ప్రస్తుతం మా ఇంటి ముందు, రెండు చక్రాల కింద చెక్కపలకలు పెట్టి, స్టాండు మాత్రం నేల మీద ఆనేలా నిలిపి ఉంది. అలా ఉంటేనే బండి ఎడమకు తగినంత వాలి, కుడివైపుకు పడకుండా నిలుస్తోంది. ఫోటోలు జతచేశాను. మీ సాంకేతిక సిబ్బంది వచ్చి స్టాండు పొడవును, లింకును స్వయంగా కొలిచేంత వరకు నేను గానీ, మరెవరు గానీ దాన్ని ఆ పలకల మీద నుంచి కదపము. బడి రోజుల్లో సాయంత్రం అయిదు తరువాత, ఆదివారాల్లో ఎప్పుడైనా రావచ్చు. కొలతల టేపు నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు.

(నా పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు జతచేసిన ఇన్‌వాయిస్‌లో ఉన్నాయి. జతపరచినవి: ఇన్‌వాయిస్, బుకింగ్ రసీదు, కరపత్రం మూడో పేజీ, జూన్ జాబ్ కార్డు, మరమ్మతు అంచనా, రెండు ఈమెయిళ్లు, ఆరు ఫోటోలు.)