పైపు పెట్టకుండా పొల్యూషన్ సర్టిఫికెట్ ఏటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం తెలుగే, మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, మీ పేపరు టీ కొట్టు దగ్గర రోజూ చదువుతాం. ఈ ఉత్తరం సైలెన్సర్లో పైపు పెట్టి పొగ కొలవకుండానే నా బండికి ఇచ్చిన పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి, అంటే నా ఒక్కడి బండి గురించే కాదు, ఇక్కడ పాత కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) బండ్లు నడిపే అందరి గురించీ అనుకోండి.

నాది 2009లో కొన్న వంద సీసీ హీరో హోండా. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఓఆర్ 20 అనే ఉంటుంది, ఓడీ రాకముందు బండి. పదిహేనేళ్లు ఏ కంప్లైంటూ లేదు. ఈమధ్య పొద్దున్న పూట చోక్ లాగి నాలుగు కిక్కులు కొడితేగానీ లేవట్లేదు, స్లోలో పెడితే ఓసారి హెచ్చు ఓసారి తగ్గు, ఆర్.ఉదయగిరి ఘాటీ దిగుతూ ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్లోంచి టప్ టప్‌మని పేలుళ్లు. మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్తే కార్బొరేటర్ పోయింది మార్చీయండి అన్నాడు. ప్లగ్గు విప్పి చూస్తే మొన తెల్లగా పాలిపోయి ఉంది. సరిగ్గా కాలే ఇంజన్ ప్లగ్గు ఇటుక రంగులో ఉండాలి, పెట్రోలు ఎక్కువైతే నల్లగా మసి పడుతుంది, తెల్లగా ఉందంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని లెక్క.

ఎందుకలాగ అంటే, ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025కల్లా దేశమంతా అదే అయిపోయింది. వట్టి పెట్రోలు కిలో కాలడానికి దగ్గర దగ్గర 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఇరవై శాతం కలిపినదానికి పదమూడున్నర దరిదాపు. కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే జెట్టు కన్నం మాత్రం పాత లెక్కకే ఉంది, దానికేం తెలుసు ట్యాంకులో ఏం పోశామో. 2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొల్యూషన్ నిబంధనల) బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటర్ బదులు పెట్రోలు కొలిచి చిమ్మే ఇంజక్షన్, సైలెన్సర్లో సెన్సర్, అది చూసుకుని పెట్రోలు తనే సర్దుకుంటుంది. మన పాత బండికి సర్దేవాడు ఎవడూ లేడు, మనమే సర్దాలి. ఇథనాల్ మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను వెళ్లను, దాని మీద టీ కొట్టు దగ్గర రోజూ అవుతోంది.

సరే ఒక ఆదివారం పెరట్లో కూర్చున్నాను. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా ముందు టాపెట్లు (ఇంజన్ వాల్వుల్ని నొక్కి తెరిచే ముక్కలు, వాటి సందు సరిచూడాలి). మాగ్నెట్ కవర్ మీద బిళ్ల విప్పి, చక్రం మీద టీ మార్కు గీతకి ఎదురుగా వచ్చేలా తిప్పి, టాపెట్లు రెండూ వేలితో కదిలిస్తే కొంచెం ఆడాలి, ఆడకపోతే పిస్టన్ ఇంకో స్ట్రోకులో ఉందని అర్థం, ఇంకో చుట్టు తిప్పాలి. బండి పుస్తకంలో చెప్పిన సైజు ఫీలర్ గేజ్ (సందు కొలిచే) రేకు దూరిస్తే అది ఊరికే జారిపోకూడదు, ఇరుక్కోనూ కూడదు, బరువున్న పుస్తకం కింద నుంచి కాగితం లాగినట్టు రావాలి. నాకు ఒకటి బిర్రుగా ఉంది, వదులు చేశాను. తర్వాత ఎయిర్ ఫిల్టర్ దులిపి, ప్లగ్గు గ్యాపు చూసి, కాశీనగర్ రోడ్డులో పది నిమిషాలు తిప్పి ఇంజన్ వేడెక్కాక వచ్చి కార్బొరేటర్ మీద గాలి, పెట్రోలు పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ పట్టాను.

ఆ స్క్రూ దగ్గర చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. ముందు అది ఎన్ని తిప్పులు తెరిచి ఉందో లెక్కపెట్టుకుని లోపలికి మెల్లగా, ఆగినదాకానే తిప్పాలి, బలం పెట్టి బిగిస్తే సూది మొన అరిగి ఇంక ఎంత తిప్పినా లాభం ఉండదు. ఇంకోటి, స్క్రూ ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, అక్కడ రివర్సు, లోపలికి తిప్పితేనే పెట్రోలు వాటా పెరుగుతుంది. యూట్యూబులో చూసి చేసే మా వీధి గుంటలకి ఈ తేడా చెప్పినవాడు లేడు. నేను పావు తిప్పు పావు తిప్పు పెట్రోలు పెంచుకుంటూ చెవి పెట్టి విన్నాను, ఇంజన్ మెత్తబడింది, పేలుళ్లు ఆగాయి, సుతారంగా గుర్రుమంటోంది, మా ఆవిడ కూడా వచ్చి బావుందే అంది. ఇంకా బావుంటుందని ఇంకో పావు తిప్పాను. (ఇదంతా ఆరుబయటే చేయాలండోయ్, వానొస్తోందని షట్టర్ దించుకుని లోపల ఇంజన్ వేసుకుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడు గ్యాసుకి మనిషి లేవడు.)

ఇప్పుడు అసలు విషయం. నా బండి లాంటి వాటికి ఆరు నెలలకోసారి పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి, లేకపోతే 2019లో సవరించిన మోటారు చట్టం ప్రకారం పది వేల దాకా ఫైను. ఎలాగూ టైమైంది, ట్యూనింగు కరెక్టుగా కుదిరిందో లేదో పొగ కొలిచే మిషనే చెప్తుంది కదా అని దగ్గర్లో ఉన్న బూతుకి వెళ్లాను. వెనక మా బావమరిది తన బండి మీద వచ్చాడు, వాడిది ఆయిలు తాగే బండి, వెనకాల వచ్చేవాడికి దారి కనపడదు. బూతులో కుర్రాడు లేవనైనా లేవలేదు, నంబరు ప్లేటు ఫోటో తీశాడు, డబ్బులు తీసుకున్నాడు, ప్రింటు ఇచ్చాడు. పైపు గోడకి వేలాడుతోంది, దాని మీద సాలెగూడు. నా ఇంజన్ ఆఫ్‌లో ఉంది. ఇంటికొచ్చి రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు (కాలకుండా బయటికి పోయే పెట్రోలు) రెండూ చివరి అంకె దాకా ఒకటే! పొగ బండికీ పొగ లేని బండికీ ఒకే జాతకం. ఆ బూతు కుర్రాణ్ని అడిగితే "సర్టిఫికెట్ వచ్చింది కదా అన్నా, ఇంకేటి కావాలి" అన్నాడు. నాకు కావలసింది సర్టిఫికెట్ కాదండీ, ఆ అంకె.

తర్వాత వారం టెక్కలి వైపు పనుండి వెళ్తూ అక్కడ ఒక బూతులో ఆగాను, సర్టిఫికెట్ ఎక్కడ చేయించినా దేశమంతా చెల్లుతుంది. ఆ పెద్దాయన పైపు సైలెన్సర్లో లోపలి దాకా దోపి, మిషన్ వైపు చెయ్యి చూపించాడు. కార్బన్ మోనాక్సైడు 5.2 శాతం. నా బండి లాంటివాటికి, అంటే 2000 మార్చి తర్వాత తయారైన ఫోర్ స్ట్రోకు బండ్లకి కార్బన్ మోనాక్సైడు 3.5 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు పది లక్షల వంతుల్లో 4500 దాటకూడదు. అంటే నా చెవికి సంగీతంలా వినపడింది పొల్యూషన్‌లో ఫెయిలు! పెట్రోలు కాస్త ఎక్కువైనా ఇంజన్ స్లోలో మెత్తగానే ఆడుతుంది, చెవిని మోసం చేసేది అదే. ఆయన స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి తిప్పుకో బాబూ అన్నాడు. పావు తిప్పు పెట్రోలు తగ్గించాను, కాసేపు ఆగితే 3.9. ఇంకో పావు, 2.4. ఆశ కొద్దీ ఇంకా తగ్గించాను, అది 0.6కి వచ్చింది గానీ ఇంజన్ వణుకుతోంది, రెండో అంకె హైడ్రోకార్బన్ 700 నుంచి 2600కి ఎగబాకింది. కాలని పెట్రోలు బయటికి పోతోంది, అంటే మిస్సింగు. ఆ అంకె చూస్తూ మళ్లీ కొంచెం వెనక్కి తిప్పి 2 దగ్గర ఆపాను, స్లో సరిచేసుకున్నాను. మొత్తం పది నిమిషాలు. ఇప్పుడు ఒక్క కిక్కు చాలు, ఘాటీ దిగినా పేలుళ్లు లేవు.

నేను అడిగేది ఇదే. ఈ మిషన్ ప్రతి బూతులో ఉంది, నాలాంటి వాడు ఇంట్లో కొనుక్కోలేని మిషన్ అది. పైపు పెట్టి అంకె చూపించి, ఫెయిలైతే అక్కడే స్క్రూ సర్దుకోనిచ్చి మళ్లీ కొలిస్తే సగం పాత బండ్లు ఖర్చు లేకుండా బాగుపడతాయి, కార్బొరేటర్లు మార్చే పని ఉండదు. రవాణా శాఖ వాళ్లు రోడ్డు మీద నిలబడి మా స్లిప్పులు చూస్తారు, బూతులోకి వెళ్లి పైపు మీద సాలెగూడు ఎవరైనా చూస్తున్నారా? ఇంజన్ ఆఫ్‌లో ఉన్న బండికి సర్టిఫికెట్ ప్రింటు ఎలాగ వస్తోంది? తెర జనానికి కనపడేలా బయటికి తిప్పి పెట్టాలని, వరసగా రెండు బండ్లకి ఒకే అంకెలు వస్తే ఆ బూతుని పిలిచి అడగాలని ఒక ఆర్డరు వేస్తే చాలదా? ఇథనాల్ పెట్రోలుకి పాత బండి ఎలాగ సర్దుకోవాలో ఒక కాగితం మీద రాసి, ఒడియాతో పాటు తెలుగులో కూడా, బంకుల్లో అంటించమనండి. అవతల కంటే రేటు తక్కువని పాతపట్నం నుంచి కూడా ఇక్కడికే వచ్చి పోయించుకుంటారు, వాళ్లూ చదువుతారు.

ఇంట్లో ట్యూనింగు చేసుకోవడమే తప్పు, షోరూముకి వెళ్లాలి అనేవాళ్లుంటారు. మోహన అవతల కొండ ఊళ్లలో ఉండి రోజూ బండి మీదే బతికేవాడికి షోరూము ఎంత దూరమో వాళ్లే కొలిచి చెప్పాలి.

ఆ రెండు కవల స్లిప్పులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీరు అడిగితే జిరాక్సు పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా