రీస్టార్ట్ ప్రొటెక్షన్ పీకేసి గ్రైండర్ వాపస్ ఇచ్చారు: కంపెనీకి ఒక ఫిర్యాదు లేఖ

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: వారంటీ రిపేరుకు ఇచ్చిన, ఇనుము కోసే 7 ఇంచుల హెవీ డ్యూటీ యాంగిల్ గ్రైండర్ నుంచి భద్రతకు సంబంధించిన భాగాన్ని మాకు చెప్పకుండా తీసేయడం గురించి.

అయ్యా,

నాకు మిర్యాలగూడలో వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్ కూడా చేస్తాం గానీ మా అసలు బతుకుదెరువు రైస్ మిల్లుల పని. వడ్లు పోసే హాపర్లకు పడ్డ బొక్కలు మూయడం, వడ్లను పైకి మోసే ఎలివేటర్ల అరిగిన షీట్లు కోసి కొత్తవి అతకడం, చానళ్లు మార్చడం. ఒకసారి వడ్లు రావడం మొదలైతే మిల్లు ఆపరు కాబట్టి వానాకాలం పంటకు ముందు, యాసంగి పంటకు ముందు దొరికే కొద్ది రోజుల్లోనే మా పని అయిపోవాలి.

మీ గ్రైండర్ చెడిపోయినందుకు నాకు కోపం లేదు. యంత్రమన్నాక చెడిపోతుంది. రోజంతా ఇనుప పొడి పీల్చుకుంటూ తిరిగే మోటారు అది. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, బేరింగులు పోతాయి, ఒక్కోసారి లోపల తిరిగే ఆర్మేచర్ కూడా కాలుతుంది. నా ఫిర్యాదు మీరు దాన్ని బాగుచేసిన తీరు మీద.

ముందు ఆ మోడల్ ఎందుకు కొన్నానో చెప్పాలి, ఎందుకంటే మీ కస్టమర్ కేర్ వాళ్లకు అదే అర్థం కాలేదు. మా షాపులో 4 ఇంచుల డిస్క్ తిరిగే గ్రైండర్లు ఉన్నాయి. వెల్డింగ్ చేసిన చోట సాపు చేయడానికి అవి చాలు. మిల్లు హాపర్లకు మందం ప్లేటు ఉంటుంది, పెద్ద చానళ్లు ఉంటాయి, వాటికి చిన్న మిషన్ ఆనదు. 9 ఇంచులది తీసుకుందామంటే బరువు ఎక్కువ. నేల మీద పెట్టి కోసేవాళ్లకు బాగుంటుంది గానీ నిచ్చెన మీద, పలక మీద నిలబడి రెండు చేతులతో పట్టుకుని కోసే పనికి భుజాలు పడిపోతాయి. అందుకే 7 ఇంచులది, 2400 వాట్లది చూసుకున్నాం. రాణిగంజ్‌లో డీలరు దగ్గర మీ కంపెనీవే రెండు మోడళ్లు చూపించారు. వాట్లు అవే, 8,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) స్పీడు కూడా అదే. ఒకదానికి మామూలు స్విచ్. రెండోదానికి సాఫ్ట్ స్టార్ట్, రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్. ధరలో రెండు వేల పైచిలుకు తేడా. నేను రెండోదే తీసుకున్నాను.

ఆ రెండు వేలు ఎందుకు ఎక్కువ పెట్టానంటే, మిల్లులో కరెంటు సంగతి నాకు తెలుసు. 2400 వాట్ల మిషన్ నడిచేటప్పుడు పది ఆంపియర్ల చిల్లర తీసుకుంటుంది, కానీ ఆన్ చేసిన క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మిల్లు గోడకు ఉండే పాత బోర్డులో, ఎక్కువ కరెంటు లాగితే లైను ఆపేసే ఎంసీబీ టప్పున పడిపోతుంది. సాఫ్ట్ స్టార్ట్ ఉంటే మోటారు మెల్లగా స్పీడు అందుకుంటుంది, చేతిలో గుంజదు కూడా. ఇది సౌకర్యం. అసలుది రెండోది, రీస్టార్ట్ ప్రొటెక్షన్. మిల్లులో కరెంటు పోతే జనరేటర్ మీదికి లైను మారుస్తారు, కాసేపటికి మళ్లీ కరెంటు వచ్చేస్తుంది. అప్పుడు గ్రైండర్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతే ఏమవుతుంది? మీ మిషన్‌కు లాక్ బటన్ ఉంది, వేలు తీసినా స్విచ్ ఆన్‌లోనే నిలుస్తుంది. రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉంటే కరెంటు తిరిగి వచ్చినా మోటారు తిరగదు, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తేనే తిరుగుతుంది. అది లేకపోతే దానంతట అదే లేస్తుంది. లాక్ బటన్ పెట్టి ఆ ప్రొటెక్షన్ లేని పెద్ద గ్రైండర్‌ను అసలు అమ్మకూడదని నా అభిప్రాయం, అది వేరే సంగతి.

కొన్న కొన్ని నెలలకు మిషన్ ఆగింది. స్విచ్ నొక్కితే చప్పుడు లేదు. బ్రష్‌లు చూశాం, బాగానే ఉన్నాయి. వారంటీ ఉంది కదా అని సీలు కదపకుండా మీ సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాను. మాడ్యూల్ కాలిందన్నారు. లో వోల్టేజీ వల్ల అన్నారు. మా షాపులో మీటరు పెట్టి చూస్తే 220 వోల్టులకు తగ్గడం లేదు, ఎక్స్‌టెన్షన్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం మందం వైరు వాడతాం అని చెప్పాను. దాని మీద వాదన పెట్టుకోలేదు, బాగుచేసి ఇస్తే చాలనుకున్నాను. వారం తర్వాత మిషన్ ఇచ్చారు. జాబ్ కార్డు మీద రాసింది ఇంతే: "స్విచ్ అసెంబ్లీ రీప్లేస్డ్, టెస్టెడ్ ఓకే."

షాపుకు తెచ్చి ఆన్ చేయగానే చేతిలో ఎగిరిపడ్డట్టు గుంజింది. ముందు అలా ఉండేది కాదు. అదే రోజు మీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి సాఫ్ట్ స్టార్ట్ పనిచేయడం లేదని చెప్పాను, ఫిర్యాదు నంబరు కూడా ఇచ్చారు. రిపేరు తర్వాత కొన్ని రోజులు అలాగే ఉంటుంది సార్, సెట్ అవుతుంది, వాడుకోవచ్చు అన్నారు. వాడుకోవచ్చు అన్నది మీ మాట. ఆ కాల్ రికార్డు మీ దగ్గర ఉండే ఉంటుంది, ఒకసారి వినండి.

తర్వాత జరిగింది ఇది. ఒక మిల్లులో ఎలివేటర్ పక్కన పలక కట్టుకుని మా పనివాడు పాత యాంగిల్ కోస్తున్నాడు. పొద్దుగూకిన తర్వాత. కరెంటు పోయింది. మిల్లులో కరెంటు పోతే కన్ను పొడుచుకున్నా కనబడదు. చీకట్లో, ఎత్తు మీద ఉన్న మనిషి ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటాడు. వాడు మిషన్‌ను పలక మీద పెట్టి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. జనరేటర్ అందుకుంది. గ్రైండర్ లేచింది. పలక మీద గిరగిరా తిరిగి, వాడి ముంజేతిని గీరుకుంటూ కిందికి పోయి చానల్‌కు తగిలింది. డిస్క్ ముక్కలైంది. ఒక ముక్క రేకుకు దిగబడింది. కింద నిలబడి ప్లేటు అందించే పిల్లగాడు అప్పుడే నీళ్లు తాగడానికి పక్కకు పోయాడు కాబట్టి బతికాడు. చేతికి కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ వేయించాం. కొద్ది దూరంలోనే ఊక కుప్ప ఉంది. పొడి ఊక దగ్గర నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మిల్లులో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆ కుప్ప మీద తడి గోనెలు కప్పించి పని మొదలుపెట్టాం కాబట్టి అంతటితో పోయింది.

8,500 ఆర్‌పీఎంతో తిరిగే 7 ఇంచుల డిస్క్ అంచు సెకనుకు 80 మీటర్లు పోతుంది. అంటే గంటకు 288 కిలోమీటర్లు. ఈ లెక్క మీకు నేను చెప్పాల్సిన పని లేదు, డిస్కుల మీద 80 మీటర్ల హద్దు అచ్చువేసే ఉంటుంది. ఆ వేగంతో తిరిగేది మనిషి ప్రమేయం లేకుండా దానంతట అదే లేచిందని మాత్రం చెప్పాలి.

మర్నాడు మిషన్ తీసుకుని సర్వీస్ సెంటర్‌కు పోయి, నా ముందే విప్పమన్నాను. విప్పారు. మాడ్యూల్ ఉండాల్సిన చోటు ఖాళీ. రెండు వైర్లు కలిపి స్లీవ్ తొడిగి ఉన్నాయి. స్విచ్ మామూలు మోడల్‌ది. మెకానిక్ దాచలేదు. "మాడ్యూల్ స్టాకు లేదన్నా, కంపెనీ నుంచి వస్తలేదు. మీకు సీజన్ల పని ఆగుతదని డైరెక్ట్ చేసినం. ఇంక రంది లేదు, గట్టిగ నడుస్తది" అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాలేదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మాడ్యూల్ పంపకుండా, వారంలో మిషన్ వాపస్ ఇవ్వాలని ఒత్తిడి పెట్టింది మీరు. డైరెక్ట్ చేసిన మిషన్‌కు టెస్టెడ్ ఓకే అని ముద్ర వేసే పద్ధతి మీది. ఆ ఖాళీ చోటును, జోడించిన వైర్లను అక్కడే ఫోటోలు తీసుకున్నాను, జత చేస్తున్నాను.

అన్నీ రాసి మీకు మెయిల్ పెట్టాను. వచ్చిన జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్ తీయడం వాడేవారి బాధ్యత అని మాన్యువల్‌లో ఉందన్నారు. నిజమే, ఉంది. అదే మాన్యువల్‌లో ఇంకో పేజీలో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు మిషన్ దానంతట అది స్టార్ట్ కాకుండా రీస్టార్ట్ ప్రొటెక్షన్ కాపాడుతుందని కూడా ఉంది. డబ్బా మీద బొమ్మ వేసి మరీ ఉంది. మనిషి స్విచ్ మరిచిపోయే సందర్భం ఒకటి ఉంటుందని ఒప్పుకునే కదా మీరు ఆ భాగం తయారుచేసి, దానికి విడిగా డబ్బు తీసుకున్నది? డబ్బు తీసుకునేటప్పుడు ఒక పేజీ, బాధ్యత వచ్చినప్పుడు ఇంకో పేజీ చూపిస్తే ఎలా?

జవాబులో రెండో మాట, డిస్క్ నాసిరకంది కావచ్చని, డిస్క్‌ను కప్పే గార్డు తీసేసి వాడి ఉండవచ్చని. గార్డు మిషన్‌కే ఉంది, మీ మెకానిక్ చూశాడు. డిస్క్ ముక్కలు దాచిపెట్టాను. నడుమ ఉండే ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం కొట్టి ఉన్నాయి, ఇంకా గడువు తీరలేదు. చిన్న మిషన్‌కు గార్డు ఊడబీకి పెద్ద డిస్క్ వేసేవాళ్లను నేనూ చూశాను. 11,000 ఆర్‌పీఎం మిషన్‌కు 7 ఇంచుల డిస్క్ తగిలిస్తే అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుందని తెలియక చేస్తారు. కటింగ్ డిస్క్‌ను పక్కకు పెట్టి రుద్దేవాళ్లనూ చూశాను. మా షాపులో ఆ రెండూ చేయనివ్వను. అయినా ఈ ప్రశ్నలకు ఇక్కడ చోటే లేదు. డిస్క్ మంచిదైనా, చెడ్డదైనా మిషన్ దానంతట అది ఎందుకు లేచింది? దానికి మీ జవాబులో ఒక్క ముక్క లేదు.

చివరన కళ్లద్దాలు, గ్లౌజులు వాడమని సలహా ఇచ్చారు. వాడుతున్నాం.

ఇప్పుడు నేను అడిగేవి చెబుతాను. మాడ్యూల్ ఉన్న అదే మోడల్ కొత్త మిషన్ ఇవ్వాలి. పాతదానికే మాడ్యూల్ బిగించి ఇస్తామంటే ఒప్పుకోను, కింద పడిన తర్వాత దాని గేర్ బాక్సులో చప్పుడు మారింది, స్పిండిల్ నేరుగా తిరగడం లేదు. కొత్తదాని వారంటీని, అది నా చేతికిచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలి. మా పనివాడి వైద్యం ఖర్చు, చేయి మానేదాకా వాడు పోగొట్టుకున్న కూలి మీరు కట్టాలి, బిల్లులు జత చేశాను. మొదటి రిపేరులో ఏం తీశారో, ఏం వేశారో మీ లెటర్ హెడ్ మీద రాసివ్వాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. మాడ్యూల్ స్టాకు లేని రోజుల్లో నాది ఒక్కటే డైరెక్ట్ చేసి ఉండరు. ఆ సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులు తీసి చూస్తే ఏయే మిషన్లకు స్విచ్ అసెంబ్లీ మార్చారో మీకు ఒక పూటలో తెలిసిపోతుంది. వాళ్లందరికీ ఫోన్ చేసి, మిషన్ వాడొద్దని చెప్పి వెనక్కి పిలవండి. గ్రానైట్ కోసేవాళ్లు ఉంటారు, బిల్డింగ్ పనులవాళ్లు ఉంటారు. డబ్బా మీద బొమ్మను నమ్మి, ఆ ప్రొటెక్షన్ ఇంకా ఉందనుకునే వాళ్లు స్విచ్ మీద వేలు పెడుతున్నారు. నా మిషన్ సంగతి రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈ పని ఆలస్యం చేయకండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని మీ లీగల్ వాళ్లు అనవచ్చు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువుకు ఆ అడ్డంకి లేదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే వివరణ ఉంది. తయారు చేసినవారికి, అమ్మినవారికే కాదు, వస్తువుకు సర్వీసు చేసినవారికి కూడా బాధ్యత ఉంటుందని అదే చట్టం 85వ సెక్షన్ చెబుతుంది. నేను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, మిషన్ ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. ఇదంతా బెదిరించడానికి రాయలేదు. యాసంగి వడ్లు వచ్చేలోపు నాకు పని చేసే మిషన్ కావాలి, కమిషన్ చుట్టూ తిరిగే తీరిక నాకూ లేదు.

పాత మిషన్ నా దగ్గరే ఉంది, ప్లగ్ కోసి పక్కన పెట్టాను. చూడాలనుకుంటే మీ ఇంజనీరును పంపండి. ముందు రోజు ఫోన్ చేసి వస్తే షాపులో ఉంటాను.

ఇట్లు,
ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని,
మిర్యాలగూడ.

జత చేసినవి: కొనుగోలు బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డు నకళ్లు, విప్పిన మిషన్ ఫోటోలు, విరిగిన డిస్క్ రింగు ఫోటో, ఆసుపత్రి బిల్లులు, మీ మెయిల్ ప్రింటు.